ఎడమవైపు బ్రేకు

మా బండికి రెండు బ్రేకులు. ఒకటి కంపెనీ వాళ్ళు పెట్టింది, నా కాలి కింద ఉంటుంది. రెండోది మా ఆయన సొంతంగా పెట్టుకున్నది. ఎడమవైపు సీటు ముందర, కాళ్ళు చాపుకునే చోట ఉంటుంది. నిజానికి అక్కడ ఒట్టి మ్యాట్ తప్ప ఏమీ లేదు. అయినా ఆటో అడ్డం వచ్చినా, గేదె తల ఇటు తిప్పినా, ఆయన కుడికాలు ధన్‌మని ఆ మ్యాట్‌ను తొక్కేది. రెండు నెలలకే అక్కడ మడమ దిగినంత గుంట పడింది. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండేది. నేను తొక్కాల్సినప్పుడే తొక్కుతాను కదా, నాకు కళ్ళు లేవా?

అసలు ఆ బండి నాది కాదు, ఆయన కల. మాది బోరు మోటార్ల దుకాణం. పెళ్ళైన కొత్తలో ఆయన స్కూటర్ వెనక మోటారు కట్టుకుని, భుజాన తాడు చుట్ట వేసుకుని, నర్సంపేట దిక్కు పల్లెలన్నీ తిరిగి బోర్లలో మోటార్లు దించేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనురెప్పల మీద కూడా దుమ్మే. "ఎప్పుడో ఒకనాడు దుమ్ము నన్ను ముట్టని బండి కొంటనే" అనేవాడు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. యాభై ఆరో ఏట నిజంగానే కొన్నాడు. కంపెనీ పేరు రాయను గానీ, ముందున్న గుర్తు చూస్తేనే జనం పక్కకు జరుగుతారు. నల్లటి బండి. ఎక్కాలంటే నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకోవాలి. లోపల కూర్చుని తలుపు వేస్తే బజారు మొత్తం నోరు మూసుకున్నట్టు ఉంటుంది. ఎండాకాలం సీట్లోంచే చల్లగాలి వస్తుంది. పైనుంచి కాకి చూసినట్టు బండి చుట్టూ నేలంతా తెర మీద చూపిస్తుంది. కాశిబుగ్గలో మా వీధిలోకి అది మొదటిసారి వచ్చిన రోజు మగ్గాలు ఆపి మరీ జనం గడపల్లోకి వచ్చారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బూడిద గుమ్మడికాయ దిగదీసి, ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు.

రెండు నెలలు తిరక్కుండానే దుకాణంలో కౌంటర్ దగ్గరే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. స్టెంట్ వేశారు. డాక్టర్ ఆయనతో కాకుండా నాతో చెప్పాడు. మూడు నెలలు స్టీరింగ్ ముట్టుకోనివ్వద్దు, మెట్లు ఎక్కనివ్వద్దు, అన్నిటికంటే ముఖ్యం టెన్షన్ పెట్టొద్దు అని. టెన్షన్ పెట్టకుండా ఒక మనిషిని ఎలా చూసుకోవాలో చెప్పలేదు. డ్రైవర్‌ను పెట్టాం. గుట్కా వాసన వస్తోందని నాలుగో రోజు మాన్పించాడు. రెండో అతను వేలితో అద్దం తుడిచాడని మాన్పించాడు. చివరికి మిగిలింది నేను. ఇరవై ఏళ్ళు స్కూటీ, తర్వాత దుకాణం పని మీద చిన్న కారు నడిపినదాన్ని. ఎద్దులాంటి ఈ బండి నాకు చిక్కింది.

భయం లేదని అబద్ధం చెప్పను. మా వీధి మలుపులో కరెంటు స్తంభం ఉంది. అక్కడికి వచ్చేసరికి బండి కుయ్‌కుయ్‌మని కూస్తుంది, ఆయన కాలు ధన్‌మంటుంది, నా అరచేతులు తడుస్తాయి. అది కూయని క్షణం ఉండదు. బెల్టు పెట్టకపోతే కూత, కుక్క పక్కనుంచి పోతే కూత, గీత దాటితే స్టీరింగ్‌ను తనే లాగుతుంది. కొన్నాళ్ళకు ఆ కూతలు వినడం మానేశాను. అదే కొంప ముంచింది.

నాకు అన్నిటికంటే పెద్ద ఫికర్ మాత్రం బండి కాదు, ఆయన. నేను నడుపుతుంటే ఆయన మెడ నరాలు బిగుసుకుంటాయి. పక్కనుంచి లారీ పోతే ఊపిరి బిగబట్టేస్తాడు. టెన్షన్ పెట్టొద్దన్న డాక్టర్ మాట నా చెవుల్లో ఉంటుంది, పక్కన చూస్తే నా డ్రైవింగే ఆయనకు టెన్షన్. దీనికి ఏం చేస్తాం? వంద చూపులు ఆయన ముఖం మీద, ఒక చూపు రోడ్డు మీద పెట్టి నడిపిన రోజులున్నాయి.

ఆయన ఆపరేషన్ గదిలో ఉన్నప్పుడు బయట బెంచీ మీద కూర్చుని సమ్మక్కతల్లికి మొక్కుకున్నాను. మనిషిని నాకు మిగిలిస్తే ఒడిబియ్యం తెచ్చి పోస్తానన్నాను. మేడారం జాతర నాలుగు రోజుల్లో అయితే ఆయన్ను తీసుకుని పోలేం. రెండు వారాల ముందే ఒక ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. జనం తక్కువ ఉంటారనుకున్నాం. ఆ సంగతి ఒక్క మాకే తట్టిందనుకోవడం మా పిచ్చితనం. ములుగు దగ్గర గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టేసరికే ట్రాక్టర్లు, ఆటోలు, జీపులు దారిపొడుగునా ఉన్నాయి.

మేడారంలో దున్నిన చెలకలో బండ్లు ఆపించారు. చెట్టు నీడ లేదు. ఎర్రటి దుమ్ము. అమ్మవార్ల గద్దెల దాకా నడక, అక్కడ వరుస, తోపులాట. ఆయన వస్తానన్నాడు. "మీరు ఈడనే కూసోండ్రి, నేను పోయి అమ్మకు పోసి వస్త" అన్నాను. ఏసీ కోసం ఇంజను నడుస్తూనే ఉంచాను. దొంగలుంటారని నా సంచీ, అందులోని ఫోను ఆయన దగ్గరే పెట్టాను.

ఇక్కడ ఆ బండి తాళం గురించి చెప్పాలి. దాన్ని ఎక్కడా పెట్టి తిప్పేది లేదు. సబ్బు బిళ్ళంత ఉంటుంది, మన ఒంటి మీద ఉంటే చాలు, గుండీ నొక్కితే బండి స్టార్ట్ అవుతుంది. తాళం దగ్గర లేకపోతే ఏం నొక్కినా కాదు. నడుస్తున్న బండిలోంచి తాళం బయటికి పోతే ఇంజను నడుస్తూనే ఉంటుంది, ఒకసారి ఆగితే మాత్రం మళ్ళీ స్టార్ట్ కాదని షోరూం అతను మొదటి రోజే చెప్పాడు. ఎవరి బండో తాళం లోపలుండగా దానంతటదే లాక్ అయిందని విన్న దగ్గర్నుంచి మా ఆయనది ఒకటే మాట. "తాళం ఎప్పటికీ ఒంటి మీదనే ఉండాలె. బండిల ఇడ్వద్దు." ఆ మాట నాకు ఎంత నరనరాన ఎక్కిందంటే, ఆయన్ను లోపలే కూర్చోబెట్టి పోతున్నా తాళం తీసుకునే దిగాను.

చీరకు జేబులుండవు. కొంగును నడుముకు ఒడిలా కట్టుకుని అందులో బియ్యం, పసుపు, కుంకుమ, రవికె గుడ్డ, ఎండుకొబ్బరి పోసుకున్నాను. ఒక చేతిలో కొబ్బరికాయ, ఇంకో చేతిలో బెల్లం ముద్ద. తాళం ఎక్కడ పెట్టను? ఒడిలోనే వేసుకున్నాను, బియ్యంలో. నాలుగడుగులు వేయగానే వెనక బండి మూడుసార్లు కూసింది. "కూస్తే కూసింది తియ్" అని తిరిగి చూడకుండా పోయాను.

గద్దెల దగ్గర ఊపిరాడలేదు. వెనకనుంచి తోస్తున్నారు, ముందు ఇనుప కంచె. తలల మీదుగా బెల్లం ముద్దలు ఎగిరి పడుతున్నాయి. కంచెకు ఆనుకుని, చేతుల్లోవి ముందు అమ్మకు వేసి, కొంగు ముడి విప్పి, రెండు చేతులతో మొత్తం అమ్మ గద్దె మీదికి కుమ్మరించాను. "అమ్మా, నా మనిషిని నాకు ఇచ్చినవు, ఇగ సూసుకో తల్లీ" అన్నాను. ఏడుపు ఆగలేదు. అప్పటిదాకా మోస్తున్నదంతా ఒక్కసారి దిగినట్టయింది. అక్కడున్న ఆమె ఎవరో నా చేతిలో అమ్మవారి ఎర్రగుడ్డ పెట్టింది. దాన్ని కళ్ళకద్దుకుని బయటికి వచ్చాను.

బయట నల్లా దగ్గర చేతులు కడుక్కుని, కొంగు దులుపుకున్నాను. రెండు బియ్యపు గింజలు రాలాయి. అప్పుడు తెలిసింది. నల్లా కట్ట మీద అలాగే కూర్చుండిపోయాను. మొక్కు తీరి దిగిందనుకున్న బరువులో సగం తాళానిదే!

మళ్ళీ లోపలికి పోవడానికి దారి లేదు. బయటికి వచ్చే గేటు దగ్గర కర్ర పట్టుకుని ఒక పెద్దమనిషి కాపలా ఉన్నాడు. ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"పెదనాయనా, ఒడిబియ్యంల నా బండి తాళం పోసిన. జర లోపలికి ఇడువరాదే, దేవులాడుకుంట."

ఆయన నన్ను కిందా మీదా చూశాడు. "అమ్మకు ఇచ్చింది మల్ల అడుగుతావు బిడ్డా?"

"ఇచ్చుడు కాదు, తెల్వక పడ్డది."

"ఆడ సూడు." గద్దెల పక్కన మనుషులు పారలతో ఎత్తి పోస్తున్న కుప్ప చూపించాడు. బెల్లం, బియ్యం, కొబ్బరి చిప్పలు, చీరలు అన్నీ కలిసి నడుములోతు. "గందుల ఏడని దేవులాడ్తవ్? ఊకో ఇగ. దొరికితే ఈడ ఆఫీసుల పెడ్తరు, మల్లొచ్చి అడుగు. ఇంకో తాళం లేదా?"

ఉంది. కాశిబుగ్గలో, మా బీరువాలో, బంగారం పెట్టెలో, గుడ్డలో చుట్టి.

అక్కడినుంచి చెలక దాకా నడిచిన ఆ పది నిమిషాలు ఇప్పటికీ కలలోకి వస్తాయి. ఎవరినైనా ఫోను అడిగి ఇంటికి చేద్దామంటే ఇద్దరు ముగ్గురి ఫోన్లలోనూ సిగ్నల్ లేదు. మధ్యాహ్నం అన్నం వేళకు ఇంటికి వస్తామన్న ధీమాతో ఆయన మధ్యాహ్నం మందులు ఇంట్లోనే పెట్టి వచ్చాను. గుండె పట్టేస్తే నాలుక కింద పెట్టుకునే బిళ్ళలు మాత్రం ఆయన జేబులో ఉంటాయి. ఇంజను ఒక్కసారి ఆగితే ఆ ఎండలో, ఆ జనంలో, ఆయన్ను తీసుకుని ఏ ఆటో ఎక్కను? ఎక్కించినా ఆ గతుకుల్లో వంద కిలోమీటర్లు ఎలా? ఆయన కలలాంటి బండి అడవిలో అనాథలా పడి ఉంటే ఆ గుండె ఏమవుతుంది? అసలు తాళం పోయిందన్న మాట వింటేనే ఏమవుతుంది? ఆగకుండా పోతే చాలు. మూడు గంటలు ఆ ఇంజను ఆగకుండా ఉంటే చాలు. ఇంటి ముందు నిలబెట్టాక అన్నీ చెప్పుకోవచ్చు, తిట్లు తినొచ్చు. చెప్పొద్దు. అంతే, చెప్పొద్దు.

దూరం నుంచి బండి కనిపించింది. దగ్గరికి పోయి బానెట్ మీద చేయి పెట్టాను. సన్నగా వణుకుతోంది. నడుస్తోంది. ఆ వణుకు చేతికి తగలగానే ఎంత ప్రాణం లేచివచ్చిందో.

ఆయన లోపలినుంచి తలుపు తీశాడు. ఎక్కి కూర్చుని తలుపు వేయగానే స్టీరింగ్ వెనక తెర మీద పసుపుపచ్చ తాళం బొమ్మ, పక్కన ఇంగ్లిషులో నాలుగు ముక్కలు వెలిగాయి. తాళం కనబడట్లేదని దాని గోల. అమ్మవారి ఎర్రగుడ్డ విప్పి ఆ తెర మీద పరిచేశాను.

"అమ్మోరి గుడ్డ. ఇంటికి పోయేదాంక బండికి ఉండాలెనట" అన్నాను.

వేరే రోజైతే స్పీడు ఎలా చూస్తావు, డీజిల్ ఎలా చూస్తావు, తెర మీద గీతలు పడతాయి అని పది మాటలు అనేవాడు. ఆ రోజు ఆ గుడ్డ వంక చూసి, కళ్ళకద్దుకుని, "మంచిది, నడువు" అన్నాడు. దేవుడి మాట కదా, అందుకే ఊరుకున్నాడనుకున్నాను. "నాకు జర నిద్ర వస్తాంది" అని సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. నాకూ అదే కావాలి. నా ముఖం ఆయనకు కనిపించకపోతే చాలు.

చెలక దాటి రోడ్డెక్కగానే జామ్. ముందు ట్రాక్టర్ ఆగింది, నేను బ్రేకు తొక్కాను. ఇంజను ఆగిపోయింది.

ఏసీ గాలి ఒక్కటే వినబడుతోంది. ఈ బండికి ఒక తెలివి ఉంది. నిలబెడితే డీజిల్ ఆదా అని తనంతట తానే ఇంజను ఆపుకుంటుంది, కాలు తీస్తే మళ్ళీ నడుస్తుంది. ఆ సంగతే మరిచాను. ఇప్పుడు తాళం లేదు. మళ్ళీ నడుస్తుందా? ముందు ట్రాక్టర్ కదిలింది. వెనక హారన్లు. కాలు తీయడానికి ధైర్యం చాలలేదు. "అమ్మా తల్లీ" అనుకుని తీశాను. ఇంజను గుర్రుమంది. కన్నీళ్ళు వచ్చాయి. పక్కన ఆయన కళ్ళు మూసుకునే చెయ్యి చాపి, మధ్యలో ఉన్న ఒక గుండీ నొక్కి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ ఆదా చేసే తెలివిని బంద్ పెట్టే గుండీ అది. ఆయనకు ఆ తెలివి మొదట్నుంచీ నచ్చదు. నిద్రలో కూడా అలవాటు పోలేదు చూడు అనుకున్నాను. ఆ తర్వాత ఇంజను ఆగలేదు.

పస్రా ఊరు వచ్చేదాకా నడిచే మనుషులు మమ్మల్ని దాటిపోయారు. ఎర్రగుడ్డ అంచు కొంచెం ఎత్తి డీజిల్ చూసేదాన్ని. బయలుదేరినప్పుడు ఇంకా చాలా దూరం వస్తుందని చూపింది. జామ్‌లో నిలబడి నిలబడి ఆ అంకె కరిగిపోతోంది. బంక్‌కు పోతే బండి బంద్ చేయమంటారు. ఏసీ తగ్గిద్దామంటే ఆయనకు ఉక్క. తగ్గించలేదు. ఎత్తడం, చూడడం, మూయడం, మళ్ళీ ఎత్తడం. చూస్తే పెరుగుతుందా?

పస్రా దగ్గర ఆయన కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు. సీసా ఇచ్చాను. కొంచెం తాగి, ముఖం కిటికీ వైపు తిప్పుకుని, మళ్ళీ కళ్ళు మూశాడు.

"మంచిగున్నదా?"

"నాకేమైంది? నువ్వు రోడ్డు సూడు."

అడవిలో రోడ్డు సన్నబడ్డ చోట ఎదురుగా జనంతో నిండిన ట్రాక్టర్ వచ్చింది. నేను ఎంత ఎడమకు జరిగినా దాని తొట్టి చివరి ఇనుప కొక్కెం మా బండిని ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా గీరుకుంటూ పోయింది. పలక మీద గోరు గీసినట్టు ఆ చప్పుడు నా పళ్ళలో దిగింది. ట్రాక్టర్ మీది ఆడవాళ్ళు "అయ్యయ్యో" అన్నారు. డ్రైవర్ చేతులు జోడించాడు. దిగి ఎవరితో కొట్లాడను? దిగితే, తలుపు తెరిస్తే ఈ మాయదారి బండి ఏం చేస్తుందో! పోనిచ్చాను.

ఆ తర్వాత అర్థమైంది. ఆయన కదల్లేదు.

బండి మీద వేలిముద్ర పడితే చొక్కా అంచుతో తుడిచే మనిషి. అద్దం తుడిచాడని డ్రైవర్‌ను మాన్పించిన మనిషి. అంత చప్పుడుకు కళ్ళు తెరవలేదు. కాలు ధన్‌మనలేదు. ఆలోచిస్తే మేడారం దాటిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా ఆ కాలు చప్పుడు వినలేదు. చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని, కాళ్ళు దగ్గరగా ముడుచుకుని అలాగే ఉన్నాడు. ఊపిరికి పొట్ట లేచి పడుతోందో లేదో చూద్దామంటే గతుకులకు బండి మొత్తం ఊగుతోంది, ఏం తెలియడం లేదు.

"ఇగో! ఇంటున్నరా?"

జవాబు లేదు.

"ఏమయ్యా! పల్కరేంది?" అరిచాను.

"ఆఁ..." కళ్ళు తెరవలేదు. "నడువు. మంచిగనే నడుపుతానవ్."

పెళ్ళైన ఇన్నేళ్ళలో నా డ్రైవింగ్‌ను మంచిదన్నది అదే మొదటిసారి. సంతోషపడాలి. నాకు ఇంకా భయం వేసింది.

ములుగులో ఆయన ఎప్పుడూ ఆపించి తాగే చాయ్ డబ్బా కొట్టు దగ్గరకొచ్చింది. ఆపమంటే ఏ అబద్ధం చెప్పాలో తయారు చేసుకున్నాను. అడగలేదు. గట్టమ్మ దగ్గర దండం పెట్టలేదు. అడవి పోయి పొలాలొచ్చాయి, మిర్చి కల్లాలొచ్చాయి. గుడ్డ ఎత్తి చూశాను. ఇల్లు ఎంత దూరమో డీజిలూ అంతే దూరానికి ఉంది. నా నడుము సీటుకు ఆనలేదు. మెడ పట్టేసింది. "తల్లీ, తాళం నువ్వు పెట్టుకో, బండి కావాలంటే అదీ పెట్టుకో, మనిషిని మాత్రం నా ఇంటి దాకా చేర్చు" అని నోట్లోనే అనుకుంటూ నడిపాను.

మా ఊరి ములుగు రోడ్డు చౌరస్తా కనిపించగానే ఊపిరి వదిలాను. ఊళ్ళోకి వచ్చేశాం. మా ఇంటి దిక్కు తిరగడానికి ఇండికేటర్ వేశాను.

ఆయన కళ్ళు తెరిచాడు. లేచి కూర్చోలేదు. మెల్లగా అన్నాడు.

"ఇంటి దిక్కు కాదే. దవాఖానకు తిప్పు. ఆడికి పోయినంక బంద్ అయితే అయితది. ఇగ తాళం లేకున్నా ఫికర్ లేదు."

ఆ మాట నా లోపలికి దిగడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. వెనక హారన్ల మోత. ఇండికేటర్ టిక్‌టిక్‌మంటూనే ఉంది. ఆయన వైపు తిరిగితే ముఖమంతా చెమట, పెదవులు పాలిపోయి ఉన్నాయి. చేతిలో బిళ్ళల పట్టీ. అందులో రెండు గుంటలు ఖాళీ.

ఎలా నడిపానో గుర్తులేదు. బండి ఎన్ని కూతలు కూసిందో గుర్తులేదు. దవాఖాన ఆవరణలో గోడ పక్కకు లాగి, దిగి అరిచాను. స్ట్రెచర్ వచ్చింది. ఆయన్ను లోపలికి తీసుకుపోయారు. ఇంజను నేను ఆపానో, అదే ఆగిందో తెలియదు. మా మరిది బీరువాలోంచి రెండో తాళం తెచ్చేదాకా అది ఆ గోడ పక్కనే ఉంది. ఒళ్ళంతా ఎర్ర దుమ్ము, పొడుగునా గీత.

ఇంకో నాళం సన్నబడిందన్నారు. ఇంకో స్టెంట్ వేశారు. మూడో రోజు వార్డులోకి మార్చాక, ఆయన కొంచెం తేరుకుని జావ తాగాక, అప్పుడు పట్టుకున్నాను.

"తాళం సంగతి మీకు ఎప్పుడు తెల్సింది?"

"నువ్వు దిగి నాలుగడుగులు ఏసినవో లేదో బండి మొత్తుకున్నది. ఒంటి మీద ఉన్నది గదా అనుకున్న. నువ్వు అచ్చి కూసున్నంక గూడ ఆ బొమ్మ పోలే. నీ ముఖం సూసిన. గుడ్డ కప్పినవ్."

"మరి నొప్పి?"

"పస్రా కాడ. నీళ్ళు తాగంగ ఒకటి ఏసుకున్న. ములుగు దాటినంక ఇంకోటి."

"చెప్పద్దా! నోరు లేదా మీకు!" పక్క మంచాల వాళ్ళు తిరిగి చూశారు. చూడనీ.

"చెప్తే ఆపుతవ్. ఆపితే అడవిల నాకోసం ఎవరి కాళ్ళు పట్టుకుంటవ్?" నా చెయ్యి పట్టుకున్నాడు. సూది గుచ్చిన చెయ్యి. "నువ్వెట్ల దాసుకుంటానవో సూసుకుంటనే అచ్చిన. నేను కాలు కదిపితే నీ చెయ్యి వణుకుతదని రెండు కాళ్ళు ముడుసుకున్న. ట్రాక్టర్ గీరినప్పుడు సూడు, పానం పోయింది నాకు."

అంత కోపంలోనూ నవ్వొచ్చింది, నవ్వులోనే ఏడుపొచ్చింది. ఆ మూడు గంటలు ఆయన గుండె గురించి నేను, నా చేతుల గురించి ఆయన, ఒకే బండిలో పక్కపక్కన కూర్చుని ఒకరినొకరు మోసం చేసుకుంటూ వచ్చాం. పొరపాటున ఆ గుండె ఇంకో పది నిమిషాలు తట్టుకోకపోయి ఉంటే, ఆయన మౌనాన్ని నిద్రే అనుకుని ఇంటి ముందు నిలబెట్టేదాన్ని. ఆ మాట ఆయనతో అనలేదు. ఇప్పటికీ అనలేదు.

ఇంటికి పంపిన రోజు మళ్ళీ నేనే నడిపాను. రెండో తాళాన్ని దారానికి కట్టి మెడలో వేసుకున్నాను. ఆయన ఎక్కి బెల్టు పెట్టుకుని, బుద్ధిగా చేతులు ఒడిలో పెట్టుకుని, కాళ్ళు దగ్గరగా ముడుచుకుని కూర్చున్నాడు. నాకు టెన్షన్ పెట్టొద్దని పాపం. ఆవరణ దాటాం. ఒక ఆటో అడ్డం వచ్చింది. నేను తొక్కాను. పక్కన చప్పుడు లేదు. ఇంకో స్కూటర్ సందులోంచి దూసుకొచ్చింది. చప్పుడు లేదు. ఆ అడవి, ఆ ఎండ, ఆ మూసిన కళ్ళు అన్నీ ఒక్కసారి బండి లోపలికి వచ్చేశాయి. పక్కకు తీసి ఆపేశాను.

"ఏమైందే?" అన్నాడు.

"తొక్కుండ్రి."

"ఏంది?"

"మీ బ్రేకు మీరు తొక్కుండ్రి. నాకు చప్పుడు ఇనబడాలె. ఇనబడకుంటే నేను నడుపలేను."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నవ్వలేదు. కాలు చాపి, మ్యాట్ మీద తన గుంటలో మడమ పెట్టుకున్నాడు. బండి కదిలించాను. మా వీధి మలుపులో కరెంటు స్తంభం వచ్చింది, బండి కూసింది, ఆయన కాలు ధన్‌మంది. నేను ఇంటి ముందుకు తీసుకొచ్చి ఆపాను.